డ్రాగన్ పడవల పండుగ (దువాన్‌వు): తరచుగా అడిగే ప్రశ్నలు

దువాన్‌వు అంటే ఏమిటి? దీన్ని డ్రాగన్ పడవల పండుగ అని ఎందుకు అంటారు?

చైనా సంప్రదాయ పంచాంగంలో ఐదవ నెల ఐదవ రోజున జరుపుకొనే పండుగ పేరు దువాన్‌వు. ‘దువాన్’ అంటే మొదలు. ‘వు’ అనేది కాలాన్ని లెక్కించడానికి చైనీయులు వాడే పన్నెండు గుర్తులలో ఏడవది. గుర్రానికి సంబంధించిన ఈ గుర్తే ఐదవ నెలకూ చెల్లుతుంది. కాబట్టి నెలలో వచ్చే మొదటి ‘వు’ రోజు అని ఈ మాటకు అర్థం. ఐదు అంకెను కూడా చైనా భాషలో ‘వు’ అనే పలుకుతారు కనుక, కాలక్రమంలో పండుగ ఐదవ నెల ఐదవ రోజున స్థిరపడిపోయింది.

డ్రాగన్ పడవల పండుగ అనేది ఎక్కువగా బయటి ప్రపంచం వాడే పేరు. ఫొటోలలో అందంగా కనిపించేవి పడవలే కనుక ఆ పేరు నిలిచింది కానీ, అది పండుగలో సగాన్ని మాత్రమే చెబుతుంది. పెద్ద నదులు లేని ఉత్తర చైనా ఊళ్లలో పడవ పందెం ముఖం చూడకుండానే పండుగ గడిచిపోతుంది. ఇంటి తలుపుకు కట్టే ఆకులు, పిల్లల చేతికి కట్టే రంగు దారాలు, ఆకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యపు వంటకం మాత్రం దాదాపు అంతటా ఉంటాయి.

ఈ పండుగ ఏ తేదీన వస్తుంది? మన పంచాంగం ప్రకారం ఎప్పుడు?

2025లో మే 31న వచ్చింది. 2026లో జూన్ 19న, 2027లో జూన్ 9న వస్తుంది. చైనా నెల కూడా మన తెలుగు నెలలాగే అమావాస్యను ఆధారం చేసుకొని మొదలవుతుంది. వారికీ మనకూ అధికమాసాలున్నాయి. అందువల్ల ఈ పండుగ చాలా సంవత్సరాలలో మన జ్యేష్ఠ శుద్ధ పంచమికి ఒకటి రెండు రోజుల అటూ ఇటూగా వస్తుంది.

అయితే వారి అధికమాసమూ మన అధికమాసమూ ఎప్పుడూ ఒకేచోట పడవు. 2023లో చైనా పంచాంగంలో రెండవ నెల అధికమయింది. మనకు శ్రావణం అధికమయింది. వారు ముందుగానే ఒక నెలను కలుపుకున్నారు కనుక, ఆ ఏడాది జూన్ 22న జరిగిన దువాన్‌వు మన లెక్కలో ఆషాఢ శుద్ధంలోకి, పూరీ రథయాత్ర జరిగిన రెండు రోజుల తరువాతకు వెళ్లింది.

ఇది ఒక కవి స్మృతిలో జరిగే పండుగ అని చదివాము. ఆ కవి ఎవరు?

ఆయన పేరు చ్యూ యువాన్. క్రీ.పూ. 4వ శతాబ్దంలో, చైనా ఇంకా ఒకే సామ్రాజ్యం కాకముందు, ఒకదానితో ఒకటి పోరాడుతున్న రాజ్యాలలో దక్షిణాన ఉన్న ఛూ రాజ్యంలో ఉన్నత వంశంలో పుట్టాడు. హ్వాయ్ రాజు కొలువులో మంత్రిగా పనిచేశాడు. పడమట బలపడుతున్న చిన్ రాజ్యాన్ని నమ్మవద్దని, తూర్పున ఉన్న చీ రాజ్యంతో చెలిమి నిలుపుకోవాలని ఆయన వాదించాడు. కొలువులోని వారు రాజుకు చాడీలు చెప్పి ఆయనను దూరం చేశారు. చివరకు సంప్రదింపుల పేరుతో చిన్ రాజ్యానికి వెళ్లిన హ్వాయ్ రాజు అక్కడే బందీ అయి, క్రీ.పూ. 296లో పరాయి నేల మీదనే కన్నుమూశాడు. తరువాత గద్దెనెక్కిన కొడుకు కూడా కవిని చేరదీయలేదు సరికదా, దేశం చివరి ప్రాంతాలకు వెళ్లగొట్టాడు.

క్రీ.పూ. 278లో చిన్ సేనాని బాయ్ చీ ఛూ రాజధాని యింగ్ నగరాన్ని పట్టుకున్నాడు. ఆ కాలంలోనే చ్యూ యువాన్, నేటి హునాన్ రాష్ట్రంలో ఉన్న మీలువో నదిలో, ఒక రాయిని కౌగిలించుకొని మునిగి చనిపోయాడని చెబుతారు. జాలరులు పడవలు వేసుకొని ఆయన కోసం వెతికారని, చేపలు ఆయన శరీరాన్ని తినకుండా నీళ్లలో అన్నం చల్లారని, ఆ వెతుకులాట పడవ పందెంగా, ఆ అన్నం పండుగ వంటకంగా మారాయని జనం నోట ఉన్న కథ. ఆయన రాసిన ‘లీ సావ్’ అనే దీర్ఘకావ్యం చైనా సాహిత్యంలో కవి పేరుతో సహా మనకు చేరిన తొలి గొప్ప రచనలలో ఒకటి.

అంటే పండుగ ఆయనతోనే మొదలయిందా?

కాదనడానికే ఆధారాలు ఎక్కువ. క్రీ.పూ. 1వ శతాబ్దం తొలినాళ్లలో చరిత్ర రాసిన సీమా చ్యెన్ ఈ కవి జీవితాన్ని వివరంగా చెప్పాడు, నదిలో దూకడమూ చెప్పాడు. కానీ అది ఐదవ నెల ఐదవ రోజున జరిగిందని ఎక్కడా అనలేదు, పడవల మాటే ఎత్తలేదు. కవిని ఆ రోజుతో ముడిపెట్టే రాతలు అంతకు చాలా తరువాత, క్రీ.శ. 2వ శతాబ్దం నుంచి కనిపిస్తాయి. పడవ పందెం ఆయన కోసమేనన్న మాట క్రీ.శ. 6వ శతాబ్దపు రచనలో స్పష్టంగా ఉంది.

పైగా ఆ రోజుకు హక్కుదారులు ఇంకా ఉన్నారు. సూజౌ నగరంలో పండుగ వూ జీషూ పేరున జరుగుతుంది; వూ రాజ్యపు ఈ మంత్రి కూడా నిజం చెప్పినందుకే రాజు ఆగ్రహానికి గురై క్రీ.పూ. 484లో ప్రాణాలు తీసుకోవలసి వచ్చింది, ఆయన శవాన్ని నదిలో పడవేయించారు. జెజియాంగ్ ప్రాంతంలో, నీట మునిగిన తండ్రిని వెతుకుతూ నదిలోకే వెళ్లి ప్రాణం విడిచిన త్సావో అ అనే అమ్మాయిని తలుచుకుంటారు. ఆమె తండ్రి ఆ రోజున నదిపై చేస్తున్నది వూ జీషూను దేవుడిగా ఆహ్వానించే పూజే కావడం గమనించదగిన విషయం. 20వ శతాబ్దపు కవి, పండితుడు వెన్ యీదువో అయితే, వీరందరికంటే ముందే దక్షిణ చైనా జలప్రాంతాల ప్రజలు డ్రాగన్‌ను కులదైవంగా కొలిచిన వేడుక ఇది అని వాదించాడు.

ఈ వ్యాసకర్త మొగ్గు మరింత సాదా సమాధానం వైపు. పండుగకు మూలం ఎండాకాలపు భయం. మహనీయుల కథలు తరువాత వచ్చి చేరాయి. సాక్ష్యం కవి కావ్యంలోనే ఉంది. ఈ పండుగకు ప్రతి గుమ్మానికీ కట్టే మాచిపత్రి జాతి మొక్కను చ్యూ యువాన్ ‘లీ సావ్’లో అల్పుల అలంకారంగా చిన్నచూపు చూశాడు, సుగంధ పుష్పాలను కాదని జనం దాన్ని నడుముకు చుట్టుకుంటున్నారని నొచ్చుకున్నాడు. ఆయన స్మృతి కోసమే పుట్టిన ఆచారమైతే ఆయన ఈసడించిన ఆకునే ఎంచుకునేవారు కాదు కదా.

ఎండాకాలపు భయం అంటే ఏమిటి?

ఐదవ నెలను చైనీయులు పూర్వం విషమాసం అనేవారు. యాంగ్‌జీ నది పరీవాహకంలో ఆ రోజులలో ఉక్క పెరుగుతుంది, వానలు మొదలవుతాయి, వండినది నిలవ ఉండదు, దోమలు ముసురుతాయి, జ్వరాలు వస్తాయి. పాము, జెర్రి, తేలు, బల్లి, గోదురు కప్ప అనే ఐదింటిని పంచవిషాలుగా లెక్కించి, వాటి బొమ్మలను పిల్లల బట్టల మీద కుట్టడం, కాగితంతో కత్తిరించి గోడకు అంటించడం ఈ నెల ఆచారాలు. విషాన్ని విషమే ఆపుతుందన్న నమ్మకం అందులో ఉంది.

ఐదవ రోజు పుట్టిన బిడ్డ ఇంటి గుమ్మం ఎత్తు పెరిగేనాటికి తల్లిదండ్రులకు కీడు తెస్తాడని కూడా నమ్మేవారు. చీ రాజ్యానికి చెందిన మెంగ్‌చాంగ్ ప్రభువు ఆ రోజునే పుట్టాడు. బిడ్డను పెంచవద్దని తండ్రి ఆజ్ఞాపిస్తే తల్లి రహస్యంగా పెంచింది. పెద్దవాడయ్యాక అతడు తండ్రి ముందుకు వచ్చి, మనిషి బతుకును నిర్ణయించేది ఆకాశమా, గుమ్మమా అని అడిగాడట. ఆకాశమే అయితే దిగులెందుకు. గుమ్మమే అయితే దాన్ని ఇంకొంచెం ఎత్తుగా కట్టిస్తే సరిపోతుంది కదా అన్నాడట. ఈ కథ చెప్పినవాడు కూడా సీమా చ్యెన్ చరిత్రకారుడే. కవికి సమకాలికుడైన ఒక ప్రభువు పుట్టుక గురించి ఈ కథ ఉందంటే, ఆ రోజుకున్న చెడ్డపేరు కవి మరణం మీద ఆధారపడినది కాదని అర్థమవుతుంది.

తలుపులకు కట్టే ఆకులు ఏవి? అవి మనకు తెలిసినవేనా?

రెండూ మనకు తెలిసినవే. మొదటిది పైన చెప్పిన మాచిపత్రి జాతి మొక్క. వినాయక చవితి నాడు ఏకవింశతి పత్రిలో మొదటగా సమర్పించే మాచిపత్రికి ఇది దగ్గరి బంధువు. ఘాటైన వాసన దీని గుణం. ఎండబెట్టి పొగ వేస్తే దోమలు పోతాయి. రెండవది వస. మాటలు త్వరగా రావాలని పసిపిల్లలకు మన పెద్దలు అరగదీసి నాకించే వసకొమ్ము ఈ మొక్క దుంపే. ఆగకుండా మాట్లాడేవారిని వసపిట్ట అనడం మనకు అలవాటు. చైనాలో మాత్రం దుంప కంటే ఆకుకు ప్రాధాన్యం ఎక్కువ. పొడవుగా, మొన తేలి కత్తిలా ఉంటుంది కనుక, చెడును నరికే ఖడ్గంగా భావించి గుమ్మానికి వేలాడదీస్తారు.

వీటితో పాటు సుగంధ మూలికల పొడి నింపిన చిన్న గుడ్డ సంచులను పిల్లల మెడలో వేస్తారు. దయ్యాలను పట్టే జోంగ్ క్వే అనే దేవుడి పటాన్ని కొన్ని ఇళ్లలో తగిలిస్తారు.

మణిశిల కలిపిన సారా తాగుతారని విన్నాము. అది ప్రమాదకరం కాదా?

ప్రమాదకరమే. మణిశిల ఆర్సెనిక్, గంధకం కలిసిన ఎర్రని ఖనిజం. పాములు, పురుగులు దాని దరికి రావన్న నమ్మకంతో పూర్వం కొంచెం పొడిని సారాలో కలిపి తాగేవారు, ఇంటి మూలల్లో చల్లేవారు, పిల్లల నుదుట దానితో ‘రాజు’ అనే అక్షరం రాసేవారు. చైనాలో ప్రసిద్ధమైన శ్వేతసర్ప కథలో, మనిషి రూపంలో కాపురం చేస్తున్న నాగకన్య ఈ పండుగ నాడు భర్త బలవంతం మీద ఆ సారా తాగి, అసలు రూపం బయటపెట్టుకోవడం కథకు కీలకమైన మలుపు. ఇప్పుడు దాన్ని తాగవద్దని వైద్యులు చెబుతారు. ఎవరైనా సరదాకు ఇచ్చినా పుచ్చుకోవద్దు.

పడవలో ఎంతమంది ఉంటారు? డప్పు ఎందుకు?

అంతర్జాతీయ పోటీలలో వాడే పెద్ద పడవలో 22 మంది ఉంటారు. ఇద్దరేసి చొప్పున పది వరుసలలో 20 మంది తెడ్డు వేస్తారు. ముందు భాగంలో డప్పు వాయించేవారు తెడ్ల వారికి అభిముఖంగా కూర్చుంటారు. వెనుక చుక్కాని పట్టేవారు నిలబడతారు. చిన్న పడవలో తెడ్డు వేసేవారు పదిమందే. పోటీలు 200, 500, 1000, 2000 మీటర్ల దూరాలకు జరుగుతాయి. తెడ్డును పడవ అంచుకు బిగించరు, చేతులతోనే పట్టుకుంటారు. తెడ్ల వారు గమ్యం వైపు చూస్తూ కూర్చుంటారు.

డప్పు ఉత్సాహం కోసమే అనుకోవడం పొరపాటు. ఇరవై తెడ్లు ఒకే క్షణంలో నీటిని తాకితేనే పడవ ముందుకు దూకుతుంది. ఒక్క తెడ్డు ఆలస్యమైనా మిగిలినవారి బలం వృథా అవుతుంది. పడవ మధ్యలో ఉన్నవారికి ముందు వరుస చేతులు సరిగా కనపడవు. వారికి ఆ లయను చెవి ద్వారా అందించేది డప్పు. తైవాన్‌లో కొన్ని పందేలలో ఇంకొకరు అదనంగా ఉంటారు: గమ్యం దగ్గరికి రాగానే పడవ ముందుకొసకు పాకి, నీటి మీద నిలిపిన జెండాను లాక్కోవడం వారి పని. జెండా చేజారితే ముందున్న పడవ కూడా ఓడిపోతుంది.

పందేనికి ముందు డ్రాగన్ తలకు కళ్లు దిద్దే తంతు ఉంటుంది. ఎర్ర రంగులో ముంచిన కుంచెతో కంటిపాపకు చుక్క పెడతారు. అప్పటిదాకా కొయ్యగా ఉన్నది అప్పుడు ప్రాణం పోసుకుంటుందని భావన. మన దేవాలయాలలో విగ్రహ ప్రతిష్ఠ వేళ జరిగే నేత్రోన్మీలనం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

పండుగ లేని రోజులలో పడవలను ఎక్కడ ఉంచుతారు?

ఇది తక్కువ మంది అడిగే ప్రశ్నే అయినా జవాబు ఆసక్తికరం. దక్షిణాన గ్వాంగ్‌జౌ, ఫోషాన్ పరిసర గ్రామాలలో పాతకాలపు గట్టి కొయ్య పడవలను పండుగ అయ్యాక నది లేదా చెరువు అడుగు బురదలో పాతిపెడతారు. గాలి తగలని బురదలో కొయ్య ఎండి పగలదు, పుచ్చదు. మరుసటి ఏడాది నాలుగవ నెలలో ఊరివారంతా కలిసి నీళ్లలోకి దిగి, బురద తోడి, పడవను పైకి లేపుతారు. తలను, తోకను మాత్రం విడదీసి గుడిలోనో ఊరి మండపంలోనో భద్రపరుస్తారు. ఫోషాన్‌లోని దియేజావ్ గ్రామంలో ఇరుకు కాలువలే పందెపు దారులు. వంకర మలుపుల దగ్గర వేగం తగ్గించకుండా పొడవాటి పడవను తిప్పడంలోనే అక్కడి నైపుణ్యమంతా ఉంది.

గ్వీజౌ రాష్ట్రంలో మియావ్ జాతివారి పడవ వేరు. మూడు చెట్ల మొదళ్లను తొలిచి, మధ్యన పెద్దదాన్ని తల్లిగా, అటూ ఇటూ చిన్నవాటిని పిల్లలుగా కలిపి కడతారు. తెడ్డు వేసేవారు నిలబడే వేస్తారు. వారి వేడుక కూడా ఐదవ రోజున కాక, ఆ నెల 24 నుంచి 27 వరకు జరుగుతుంది.

పండుగ వంటకం ఏది? దాన్ని ఎలా చేస్తారు?

జోంగ్‌జీ. జిగురు బియ్యాన్ని కొన్ని గంటలు నానబెట్టి, వెదురు జాతి వెడల్పాటి ఆకులను ఉడికించి మెత్తబరచి, ఆకును గరాటులా మడిచి, అందులో బియ్యం, నడుమ పూర్ణం, పైన మళ్లీ బియ్యం వేసి, మూలలు తేలేలా మూసి, దారంతో బిగించి, నీళ్లలో పూర్తిగా మునిగేలా రెండు మూడు గంటలు ఉడికిస్తారు. ఆవిరి మీద వండేది కాదు, నీటిలో ఉడికేది అన్న తేడా తప్పిస్తే, పనసాకు బుట్టలలో పొట్టిక్కలు తిన్న కోనసీమ వారికి ఆకు వాసన వంటకానికి ఎలా పడుతుందో చెప్పనవసరం లేదు. కట్టు మరీ బిగిస్తే ఉబ్బే బియ్యానికి చోటు చాలదు, వదులైతే నీరు చేరి ముద్దవుతుంది. చేయి తిరగడానికి రెండు మూడు పండుగలు పడుతుంది.

ప్రాంతాన్ని బట్టి లోపలి పదార్థం మారుతుంది. ఉత్తరాన రేగు జాతి ఎండు పండ్లు, తీపి ఎర్ర చిక్కుడు గింజల ముద్ద పెడతారు. దక్షిణాన పంది మాంసం, ఉప్పులో ఊరిన బాతు గుడ్డు సొన పెడతారు. జెజియాంగ్‌లోని జ్యాషింగ్ పట్టణం ఈ రకానికి పేరుమోసింది. గ్వాంగ్‌డాంగ్‌లో పొట్టు తీసిన పెసరపప్పు కలుపుతారు. తీపివారు, ఉప్పువారు ప్రతి ఏడాదీ వాదించుకుంటారు. మన పులిహోరలో నిమ్మకాయా చింతపండా అన్న వాదన లాంటిదే, తేలేది కాదు. మలేషియా, సింగపూర్‌లలో మలయ్ రుచులు కలిసిన ఇళ్లలో శంఖుపుష్పాల రసంతో బియ్యానికి నీలిరంగు అద్ది, లోపల మాంసంతో పాటు బూడిద గుమ్మడి మిఠాయి ముక్కలు, ధనియాల పొడి వేస్తారు.

నదిలో వేసిన అన్నాన్ని జలసర్పాలు దొంగిలిస్తున్నాయని, తురకవేప ఆకుతో మూసి ఐదు రంగుల దారం కట్టి వేస్తే అవి జడిసి ముట్టుకోవని కవి ఆత్మే చెప్పిందన్న కథ ఒకటి సుమారు 1500 ఏళ్ల నాటి రచనలో ఉంది. వేపకు, రంగు దారానికి దుష్టశక్తులు భయపడతాయన్న ఊహ మనకూ పరిచయమైనదే.

సింగపూర్, హాంకాంగ్ వంటి చోట్ల ఉండే శాకాహారులు జోంగ్‌జీ తినవచ్చా?

అడిగి తినవచ్చు. తీపి రకం కాబట్టి శాకాహారమేనని అనుకోవద్దు. ఎర్ర చిక్కుడు ముద్దలో పంది కొవ్వు కలిపే అలవాటు ఉంది. వేరుశనగ, పుట్టగొడుగుల రకంలో కూడా ఎండు రొయ్యలు ఉండవచ్చు. క్షారజలం కలిపి చేసే పసుపుపచ్చని సాదా రకంలో సాధారణంగా బియ్యం తప్ప ఏమీ ఉండదు. దాన్ని పాకంలోనో చక్కెరలోనో అద్దుకొని తింటారు. బౌద్ధ శాకాహార దుకాణాలలో కొంటే అనుమానం ఉండదు. ఆకును తినకూడదు, విప్పి పారేయాలి. జిగురు బియ్యం ఆలస్యంగా అరుగుతుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది కనుక మధుమేహం ఉన్నవారు ఒక ముక్కతో ఆగడం మేలు.

ఇది చైనాకే పరిమితమా?

కాదు. కొరియాలో ఇదే రోజు దానో. వస వేసి కాచిన నీటితో స్త్రీలు తల రుద్దుకుంటారు, ఉయ్యాలలు ఊగుతారు, మగవారు కుస్తీ పడతారు. గాంగ్నుంగ్ పట్టణపు దానో వేడుకను యునెస్కో 2005లో గుర్తించినప్పుడు, మా పండుగను కొరియా ఎత్తుకుపోయిందని చైనాలో పెద్ద గొడవ జరిగింది. నిజానికి అక్కడి వేడుక కొండ దేవతను కొలిచే జాతర. పేరు, తేదీ కలిసినంత మాత్రాన అది ఇది కాదు. 2008 నుంచి చైనా ప్రభుత్వం దువాన్‌వును సెలవుదినం చేసింది. 2009లో యునెస్కో జాబితాలో చేరిన తొలి చైనా పండుగ ఇదే అయింది.

వియత్నాంలో ఉదయం పరగడుపున పులియబెట్టిన జిగురు బియ్యం, పుల్లని పండ్లు తిని కడుపులోని పురుగులను చంపుతామంటారు. జపాన్ కొత్త కాలెండర్‌కు మారాక ఈ పండుగను మే 5కు జరిపింది. 1948 నుంచి అది బాలల దినం. అక్కడ చాలా చోట్ల పడవలు లేవు, కవి లేడు. స్నానాల నీళ్లలో వస జాతి ఆకు మాత్రం మిగిలింది.

కేరళ పడవ పందేలకూ వీటికీ సంబంధం ఉందా?

లేదు. కేరళ పాము పడవలు ఆ నేలలోనే పుట్టినవి. వందమంది వరకు తెడ్డు వేసే ఆ పడవలు డ్రాగన్ పడవకంటే చాలా పొడవు. అయితే డ్రాగన్ పడవ ఇప్పుడు పండుగను దాటి క్రీడగా మారింది. 1976లో హాంకాంగ్ అంతర్జాతీయ పోటీలతో ఆ మార్పు ఊపందుకుంది, 1991లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో పతకాలు ఇచ్చారు. 2018 ఆసియా క్రీడలలో ఉత్తర, దక్షిణ కొరియా మహిళలు ఒకే పడవలో తెడ్డు వేసి 500 మీటర్ల స్వర్ణం గెలుచుకున్నారు.

చైనా మిత్రులకు శుభాకాంక్షలు ఎలా చెప్పాలి?

‘దువాన్‌వు క్వాయ్‌లె’ అంటే దువాన్‌వు శుభాకాంక్షలు. కవి మరణించిన రోజు కనుక సంతోషంగా ఉండమనకూడదని, క్షేమాన్ని కోరే ‘దువాన్‌వు ఆన్‌కాంగ్’ మాత్రమే అనాలని ఇటీవల కొందరు పట్టుబడుతున్నారు. అలాంటి నియమం పాతకాలంలో లేదని జానపద పండితులు చెబుతారు. రోగాలను తరిమే పండుగ కనుక క్షేమం కోరడం బాగానే ఉంటుంది. సంతోషం కోరినా తప్పులేదు.

పిల్లల చేతికి కట్టిన ఐదు రంగుల దారాన్ని ఎప్పుడు తీయాలి?

పండుగ ఉదయమే కట్టాలి, మధ్యలో ఊడదీయకూడదు, తెంపకూడదు. చాలా ప్రాంతాలలో పండుగ తరువాత కురిసే మొదటి వాన దాకా ఉంచి, ఆ వాననీటిలో వదిలేస్తారు.